అర్రలో చేసిన బీరువా

మధ్యాహ్నం రెండుంబావుకు కరెంటు వచ్చింది. అప్పటికి భోజనాలు ముగిశాయి. విస్తర్లు ఎత్తేసి, వచ్చిన చుట్టాలందరూ వాకిట్లో గోడ నీడకు చేరారు. షెడ్డులో చెక్కను నున్నగా చేసే రందా మిషను తనంతట తాను తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ లేని షెడ్డులో అది తిరుగుతుంటే వాకిట్లో మాటలు ఆగిపోయాయి. ఆ షెడ్డుకు కరెంటు వేరే లైను మీద వస్తుంది. దాని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రెండు వారాలు దాటింది. మా తమ్ముడు నర్సింలు మిషను స్విచ్ వేసి ఉంచి, ఈ రోజు వస్తుంది, రేపు వస్తుంది అని చూస్తుండగానే ఒక తెల్లవారుజామున గుండె ఆగి చనిపోయాడు. ఆ రోజు అతని పదకొండో రోజు.

స్విచ్ వేసి ఉంచడం అతనికి పాత అలవాటు. మా ఊరు ఎల్లారెడ్డిలో పగలంతా కరెంటు లేని కాలంలో మిషను మోగితేనే కరెంటు వచ్చినట్టు ఇంట్లో అందరికీ తెలిసేది. మేము అవ్వ అని పిలిచే మా అమ్మ రొట్టెల పీట ముందు నుంచి లేవకుండానే "వచ్చిందిరా" అని అరిచేది. నర్సి తింటున్న కంచం వదిలి పరుగెత్తేవాడు. పదకొండో రోజున అతని కొడుకు మహేశ్ లేచి షెడ్డులోకి వెళ్లి స్విచ్ మీద చెయ్యి వేశాడు. మా మరదలు లలిత కూర్చున్నచోటి నుంచే, "ఉండనీయ్ రా. జెరసేపు తిరగనీయ్" అంది. మహేశ్ చెయ్యి తీయలేదు, స్విచ్ ఆపనూ లేదు. అట్లా కొంతసేపు అందరం ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం.

ఆ మిషను నా డబ్బుతో కొన్నది. ఆ డబ్బుతో అప్పుడు నేను కంప్యూటర్ కొనుక్కోవాలి.

మా నాయన వడ్ల బాలయ్య, వడ్రంగి. మేము బాపు అని పిలిచేవాళ్లం. ఎల్లారెడ్డిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ నాగళ్లు, గుంటకలు, బండి చక్రాలు చేసి, కోతల కాలంలో కల్లాల దగ్గర మేర తెచ్చుకునేవాడు. చేసిన పనికి రైతులు ఏడాదికోసారి కొలిచి ఇచ్చే ధాన్యాన్ని మేర అంటారు. ట్రాక్టర్లు వచ్చాక నాగళ్లు ఎవరూ అడగలేదు, మేర ఆగిపోయింది. బాపు దర్వాజలకు, కిటికీలకు, మంచాలకు మళ్లాడు. పని వాకిట్లోనే. పొద్దున్నే రందా పట్టిన చెక్క పొట్టును అవ్వ ఊడ్చి పొయ్యిలోకి వాడేది. అందుకే మా ఇంట్లో వంట వాసన కంటే టేకు పొగ వాసన ముందు వచ్చేది. చెక్కలు అతికించే సరేసు ఉడికిన రోజు మాత్రం ఏదీ తినబుద్ధయ్యేది కాదు. అది పశువుల తోలు, ఎముకలు మరిగించి చేసే బంక. బాపు దాన్ని డబ్బాలో వేసి, నీళ్ల గిన్నెలో పెట్టి, పొయ్యి మీద కరిగించేవాడు. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "దీని వాసనకు నా పెండ్లినాడే పారిపోవాల్సింది" అనేది. బాపు వినిపించుకునేవాడు కాదు. పని మీద ఉన్నప్పుడు ఆయనకు మాటలు ఉండేవి కావు. పని లేనప్పుడూ తక్కువే. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, ఎవరైనా ఏదైనా అడిగితే ముందు దాన్ని తీసి చేతిలో పట్టుకుని, అప్పుడు ఒక ముక్క మాట్లాడేవాడు. నేను చదువుకున్న పుస్తకాల్లో తండ్రులు పిల్లలకు ఎన్నో చెప్తారు. మా బాపు నాకు చెప్పిన మాటలన్నీ కలిపినా ఒక కాగితం నిండదు.

ఊళ్లోకి టీవీలు వచ్చిన కొత్తలో బాపుకు పని బాగా దొరికింది. టీవీని ఊరికే బల్ల మీద పెట్టడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. దానికి ఒక బీరువా కావాలి, ముందు రెండు తలుపులు కావాలి, తాళం కావాలి. పెద్ద బీరువాలను బాపు మా వాకిట్లో చేసేవాడు కాదు. ఆ ఇండ్లలో దర్వాజలు పొట్టిగా, సన్నగా ఉండేవి. లోపలి అర్రలోకి, అంటే గదిలోకి, వెళ్లాలంటే తల వంచాలి. బయట చేసిన బీరువా ఆ దర్వాజలోంచి పట్టదు. కాబట్టి చెక్కలు కోసి, నున్నగా చేసి మోసుకెళ్లి, అది నిలబడాల్సిన అర్రలోనే కూర్చుని జోడించేవాడు. అక్కడ చేసింది ఇక అక్కడే. ఇల్లు అమ్మినా బీరువా ఇంటితోనే పోయేది. ఊళ్లో వడ్లవాళ్లందరూ అట్లాగే చేసేవాళ్లు. ఈ సంగతి తర్వాత కావలసి వస్తుంది.

నేను కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు మీద ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేదాన్ని. అక్కడే నేర్చుకుని, అక్కడే నేర్పడానికి కుదిరాను. సోమవారం పొద్దున బస్సెక్కితే మళ్లీ శనివారం సాయంత్రం ఇంటికి. దారిలో తాడ్వాయి ఊరు దాటేదాకా ఒకతీరుగా, దాటాక ఒకతీరుగా ఉండేది నా మనసు. ఇన్‌స్టిట్యూట్ వెనక ఒక చిన్న గది నాకు ఇచ్చారు. మంచం, స్టవ్, కిటికీలో నాలుగు పుస్తకాలు. దాని తాళంచెవి నా దగ్గరే ఉండేది. మా ఇంట్లో ఏ తలుపుకూ నా చేతిలో తాళంచెవి లేదు. లోపల గడియ పెట్టుకుని చదువుకుంటే అవ్వ వచ్చి "లోపలేం జేస్తున్నవే" అని కొట్టేది. కామారెడ్డిలో రాత్రి అన్నం తిన్నాక తలుపు మూసి చదువుకుంటే అడిగేవాళ్లు లేరు. బెల్లం బండ్లు పోయే రోడ్డు మీది ఆ గదిని నేను ఎంత ఇష్టపడ్డానో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవాల్సిన సంగతి అని కూడా అనుకోలేదు.

ఇన్‌స్టిట్యూట్ నడిపే విఠల్ సార్ ఒకరోజు నన్ను పిలిచి కూర్చోమన్నాడు. అట్లా కూర్చోమనడం ఎప్పుడూ లేదు.

"సుగుణా, పోరగాండ్లు టైపుకు వస్తలేరు. అందరు కంప్యూటర్ అంటున్నరు. నేను వచ్చే ఏడు ఈ మిషన్లు అమ్మేస్త."

"ఎవరు కొంటరు సార్?"

"పాత ఇనుమోడు" అని నవ్వాడు. తర్వాత, "నాకు కండ్లు కనవడవు, నేర్చుకునే వయసు గాదు. నువ్వు ఒక కంప్యూటర్ తెచ్చుకుని ముందు రూముల కూసో. పెండ్లి కార్డులు, దరఖాస్తులు, కాలేజీ పోరగాండ్ల రికార్డులు, పని మస్తుంటది. రూము నాది, మిషన్ నీది. ఎన్కటి గది గూడ నీకే. గని ఊకె ఉంచలేను బిడ్డ, దసరాలోపల ఏ సంగతి చెప్పాలె" అన్నాడు.

అప్పటికి కామారెడ్డిలో ఒక కొత్త సెంటర్లో కంప్యూటర్ చూశాను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. ఏసీ గది. నాతో టైపు నేర్చుకున్న అమ్మాయి అక్కడ పనికి కుదిరింది. జనం లేని వేళ నన్ను కూర్చోబెట్టింది. కీలకు బరువు లేదు, చప్పుడు లేదు. ఒక అక్షరం తప్పు కొట్టాను. ఆమె నా వేలు పట్టుకుని ఒక కీ మీద పెట్టి నొక్కించింది. తప్పు పోయింది. కాగితం పాడు కాలేదు, మచ్చ లేదు. నేను మళ్లీ కావాలని తప్పు కొట్టి, మళ్లీ తుడిచాను. ఆమె నవ్వుతూ, "చిన్న పిల్లవా అక్కా?" అంది. బాపు ఒక గాడి తప్పు తీస్తే ఆ చెక్క మొత్తం పొయ్యిలోకే. టైపు మిషను మీద తప్పు పడితే ఆ కాగితం చెత్తబుట్టలోకే. తప్పు కనిపించకుండా పోయే పని ఒకటి ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

నేను నెలనెలా కడుతున్న చిట్టి డబ్బు ఆ ఏడు నాకు వచ్చింది. దానితో ఒక కంప్యూటర్ వస్తుంది. లేదా రంపం, రందా కలిసి ఉండే కరెంటు మిషను, ఒక డ్రిల్లు, కొత్త ఉలులు వస్తాయి. రెండూ రావు.

మిషను మాట ఎత్తింది ఖాజా భాయ్. ఆయన దుబాయ్‌లో చాలా ఏండ్లు పనిచేసి వచ్చి, కామారెడ్డి పోయే తోవలో పెద్ద ఇల్లు కడుతున్నాడు. బాపు అంటే గౌరవం. వాళ్ల నాయన ఇంటి దర్వాజ కూడా బాపే ఎత్తాడు. ఒక ఆదివారం వచ్చి మా వాకిట్లో చాయ్ తాగుతూ సంగతి చెప్పాడు.

"బాలన్నా, పాత పని వేరే. నాకు అద్దం లెక్క నున్నగ గావాలె. తలుపులు, కిటికీలు, అల్మారాలు, మేడ మీదియి గూడ. చేతి రందాతోటి నువ్వు ఎప్పటికి చేస్తవ్? మిషన్ పెట్టుండ్రి, పనంత మీకే. లేకుంటే నిజామాబాద్ కెళ్లి మనుషులను పిలిపిస్త. నారాజ్ గావద్దు."

బాపు పెన్సిల్ తీశాడు. "దాంట్ల నారాజ్ ఏంది" అని మళ్లీ పెట్టుకున్నాడు.

ఖాజా భాయ్ లేచాక నర్సి అన్నాడు. "మిషన్ లేకుంటే నేను దుబాయ్ పోత. ఏజెంటు పాస్‌పోర్టు తెమ్మంటుండు. చేతి రందా పట్టుకుని ఇంక ఎన్నేండ్లు?"

పెనం మీద రొట్టె మాడుతోంది. అవ్వ తిప్పలేదు.

నా చిట్టి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కంప్యూటర్ సంగతీ తెలుసు. కొంటానని నేను అనలేదు, కొనొద్దని వాళ్లూ అనలేదు. ప్రతి శనివారం బస్సు దిగి ఇంట్లోకి రాగానే ఆ మాట వాకిట్లో నాకోసం కూర్చుని ఉన్నట్టుండేది. తిండి దగ్గర నర్సి తమాషా చేసేవాడు.

"అక్కా, కంపూటర్ల అన్నం గూడ ఉడుకుతదా?"

"నీ మిషన్ల ఉడుకుతదా?"

"నా మిషను తిరిగితే అన్నం అదే ఉడుకుతది. నీది తిరుగనన్న తిరుగదు, ఊకె సూసుడే."

"సూసే పనికి చదువు గావాలెరా. నీకు రాదు."

"గందుకే నన్ను దుబాయ్ పంపుతున్నవ్" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. అవ్వ నవ్వేది కాదు. చేతులు కడుక్కునేటప్పుడు నా పక్కన చెంబు పట్టుకుని నిలబడి, బాపుకు వినిపించకుండా అనేది. "నువ్వు ఎట్లైన బతుకుతవ్ బిడ్డా. నీకు చదువున్నది. వాడు ఆ ఎడారిల ఎట్ల బతుకుతడే? ఇంటికాడ గాక వేరేకాడ నిద్ర రాదు వానికి." ఆ మాట నిజం.

సోమవారం పొద్దున నర్సి నన్ను సైకిల్ మీద బస్టాండుకు తీసుకెళ్లేవాడు. ఒకసారి బస్సు వచ్చేలోపల జేబులోంచి ఫొటోలు తీసి చూపించాడు. పాస్‌పోర్టు కోసం తీయించుకున్నవి. స్టూడియోవాడి కోటు వేసుకున్నాడు. భుజాల దగ్గర పెద్దదైంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"ఎట్లున్న?"

"దొర లెక్క ఉన్నవ్."

"నువ్వు కంపూటరే కొనుక్కో అక్కా. నాకేం రంధి లేదు. మనోళ్లు మస్తుమంది ఉన్నరు అక్కడ." ఫొటోలు మళ్లీ జేబులో పెట్టుకోబోతే కింద పడ్డాయి. ఏరుకుని, ప్యాంటుకు తుడిచి, లెక్కపెట్టి పెట్టుకున్నాడు. బస్సు కదిలాక కూడా సైకిల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కొనుక్కో అని అతను అన్న తర్వాత కొనడం నాకు ఇంకా కష్టమైంది.

మా ఇంట్లో దసరాకు పనిముట్లన్నీ కడిగి, నూనె రాసి తుడిచి, పీటల మీద వరుసగా పెట్టి బొట్లు పెట్టేవాళ్లు. బాడిశ, ఉలులు, రంపాలు, మూలలు సరిచూసే గునియా. ఆ రోజు వాటిని ఎవరూ ముట్టరు. ఇంట్లోకి కొత్త పనిముట్టు వస్తే దసరాలోపలే రావాలి, పూజలో కూర్చున్నాకే పనిలోకి దిగాలి. అందుకని బాపు చివరన ఒక పీట ఖాళీగా వేసేవాడు. కొత్తది రాని ఏడు ఆ పీట మీద బంతిపూలు మాత్రం ఉండేవి. ఆ నెలలో ఒక సాయంత్రం బాపు నన్ను పిలిచాడు. పెన్సిల్ చేతిలో ఉంది.

"ఈ పారి పీట ఖాళీగ ఉంచ. నీ పైసలు, నీ ఇష్టం. ఏది తెచ్చినా పెడత."

నేను సరే అన్నాను. ఆయన వెళ్లిపోకుండా నిలబడ్డాడు.

"అది ఎంతుంటదే?"

"ఏది బాపు?"

"గదే. నీ కంపూటర్."

నేను చేతులతో చూపించాను. టీవీ అంత ఉంటుంది, పక్కన ఒక డబ్బా ఉంటుంది, ముందు టైపు మిషను లాంటి పలక ఉంటుంది అని చెప్పాను. ఆయన జానలతో గాలిలో కొలుచుకుని, "టీవీ అంత" అని తనలో తాను అనుకుంటూ వెళ్లాడు.

తర్వాతి శనివారం ఇంటికి వస్తే వాకిట్లో పొట్టు లేదు. నర్సి ఖాజా భాయ్ ఇంటి దగ్గర కొలతలు తీసుకోవడానికి వెళ్లాడు. లోపలి అర్రలోంచి సుత్తె చప్పుడు వస్తోంది. అవ్వ వాకిలి ఊడుస్తూ, "పో, సూడుపో. మీ బాపు నీకు గుడి కడుతుండు. నాకు నలబై ఏండ్ల సంది ఒక పీట సక్కగ చేసియ్యలేదు" అంది.

తల వంచి అర్రలోకి వెళ్లాను. అర్రలో దాదాపు పూర్తయిన బీరువా నిలబడి ఉంది. టేకుది. పడగొట్టిన ఒక పాత ఇంటి దూలాల నుంచి తీసిన చెక్క. ఎప్పటికో ఒకదానికి అని బాపు అటక మీద దాచుకున్నది. ముందు రెండు తలుపులు, వాటికి తాళం. లోపల టీవీకి చేసినట్టే ఒక అర, దాని కింద ఒక అర. గాలి పోవడానికి ఎక్కడా సందు లేదు. ఆ పలక ముందుకు పెట్టి కొట్టడానికి చోటు లేదు. కంప్యూటర్ ముందు మనిషి కూర్చుని పనిచేయాలని ఆయనకు తెలియదు. చూసే వస్తువు అనుకున్నాడు. పని అయ్యాక తలుపులు మూసి తాళం వేసుకునే వస్తువు. ఆ తాళంచెవి అప్పుడే నా చేతిలో పెట్టాడు.

"నీకే. ఎవరు ముట్టరు" అన్నాడు.

నేను చేతిలో తాళంచెవితో దర్వాజ వైపు చూశాను. బీరువా వెడల్పు చూశాను. వడ్లవాళ్ల పిల్లను, కొలవకపోయినా కనిపిస్తుంది. అది ఆ దర్వాజలోంచి బయటకు పోదు. నిలువుగా పోదు, పక్కకు తిప్పినా పోదు. ఎక్కడ నిలబడాలో అక్కడే కూర్చుని చేయడం ఆయన పద్ధతి. నా కంప్యూటర్ నిలబడాల్సిన చోటు ఆయన లెక్కలో ఈ అర్ర. కామారెడ్డి గది గురించి, స్టేషన్ రోడ్డు గురించి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. ఇంట్లో నాకు ఇంతకంటే పెద్ద చోటు ఎవరూ ఇవ్వరు. అంత మంచి చెక్కతో ఊళ్లో ఎవరికీ చేసి ఇవ్వలేదు. అది వదిలేసి కంప్యూటర్‌ను కామారెడ్డిలో పెట్టుకుంటే ఆ బీరువా ఖాళీగా ఆయన కళ్ల ముందు నిలబడుతుంది. తెచ్చి ఇందులో పెడితే దానితోపాటు నేనూ ఈ అర్రలో ఉండాలి. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. సరేసు వాసన. అర్రకు కిటికీ లేదు.

ఆ రాత్రి అందరం తిన్నాక నర్సితో మిషను కొందామని చెప్పాను. ఏ దారిలో వెళ్లినా ఎల్లారెడ్డికే వచ్చేటట్టయితే నర్సి అయినా అక్కడే ఉండనీ అనుకున్నాను. త్యాగం చేస్తున్నాననుకోలేదు. ఎవరో గోడ కట్టేశారు, ఉన్న చోట్లోనే సర్దుకుంటున్నాను అనుకున్నాను. నర్సి జేబులోంచి ఫొటోలు తీసి అవ్వ చేతికిచ్చాడు. "దాచిపెట్టు. పెండ్లిసంబంధాలకు పనికొస్తయ్" అన్నాడు. అవ్వ ఏడ్చింది. విఠల్ సార్‌కు గది తాళంచెవి తిరిగి ఇచ్చినప్పుడు ఆయన, "మంచిది బిడ్డా" అని మాత్రం అన్నాడు.

మిషను దసరాకు ముందు వచ్చింది. బరువుకు పీట మీద పెట్టలేక, దానితోపాటు వచ్చిన డ్రిల్లును ఖాళీ పీట మీద పెట్టారు. బాపు బొట్టు పెట్టి, నా వైపు తిరిగి, ఉన్నట్టుండి అడిగాడు.

"బీరువ ఎన్కకెళ్లి సూసినవా బిడ్డా?"

వెనక వైపు కూడా ముందు వైపంత నున్నగా చేయడం ఆయన గొప్ప. ఊళ్లో అందరికీ తెలుసు. మెచ్చుకోవాలని అడుగుతున్నాడనుకున్నాను.

"సూసిన బాపు. మంచిగున్నది" అన్నాను. చూడలేదు.

ఆయన నన్ను కాసేపు చూశాడు. "సరే మరి. నీ ఇష్టం" అని దీపం వైపు తిరిగాడు.

ఖాజా భాయ్ ఇంటి తలుపులు నర్సి ఆ మిషను మీదే చేశాడు. ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కటీ వంగలేదు. నేను కొన్నేండ్లు ఎల్లారెడ్డిలోనే ఉన్నాను. మండల ఆఫీసు ముందు చెట్టు కింద ఒక పాత టైపు మిషను పెట్టుకుని దరఖాస్తులు కొట్టాను. తర్వాత టైపు సర్టిఫికెట్ల మీదే కామారెడ్డిలో ఒక కార్యాలయంలో ఉద్యోగం వచ్చింది. అక్కడ బల్ల మీద కంప్యూటర్ ఉంది, అది నాది కాదు. పెండ్లి ఆ తర్వాతి సంగతి, ఇక్కడ అవసరం లేదు. బీరువాలో అవ్వ బొంతలు పెట్టింది. అవ్వ పోయాక లలిత పెండ్లి ఆల్బములు పెట్టింది. బాపు పోయాక ఆయన బాడిశ అందులోకి వెళ్లింది. రెడీమేడ్ తలుపులు వచ్చాక నర్సికి పని తగ్గింది. అయినా ఏటా దసరానాడు ఫోను చేసి ఒకే మాట అనేవాడు. "అక్కా, నీ మిషనుకు బొట్టు పెట్టిన." తన మిషను అని ఒక్కసారీ అనలేదు. అది మర్యాద అనుకునేదాన్ని.

పదకొండో రోజు అయ్యాక నేను ఇంకో రెండు రోజులు ఉన్నాను. లలితకు ఆ అర్రను కిరాయికి ఇవ్వాలని ఉంది. ఎవరో కొత్తగా వచ్చిన టీచరమ్మ అడిగింది. బీరువా తీయాలి. మహేశ్ నా దగ్గరికి వచ్చి, "అత్తా, అది దర్వాజల పట్టదు. కోసి తీయాలె. నీకు బాధయితదని అడుగుతున్న" అన్నాడు. కోయమన్నాను. కోత మిషను పట్టుకుని ఒకాయన వచ్చాడు. పట్నాల్లో వంటగదులకు అరలు బిగించే మనిషి. మహేశ్, అతను కలిసి బీరువాను గోడ నుంచి జరిపారు. వెనక గోడకు ఇంకా ఆనాటి నీలం సున్నం ఉంది. ఏటా సున్నం వేసిన వాళ్లెవరూ బీరువా జరపలేదు.

అతను వెనక్కి వెళ్లి చూసి, కోత మిషను కింద పెట్టాడు.

"అమ్మా, దీన్ని కొయ్యొద్దు. ఇది మళ్ల ఇప్పేటట్టు చేసిండ్రు."

వెనక పలక చుట్టూ చెక్క చీలలు ఉన్నాయి. ఒక్క మేకు లేదు, అక్కడ సరేసు కూడా లేదు. ప్రతి చీలకూ వేలు పట్టేంత తల వదిలి పెట్టాడు. అతను సుత్తెతో మెల్లగా తట్టి ఒకటి లాగాడు, వచ్చింది. రెండోది వచ్చింది. వెనక పలక విడింది. పక్క పలకలు గాడుల్లోంచి జారి వచ్చాయి. లోపలున్న బాపు బాడిశను తీసి పక్కన పెట్టి, ఆ పలకలను ఒక్కొక్కటిగా దర్వాజలోంచి బయటకు మోశారు. మహేశ్ తల వంచడం మరిచిపోయి పైపట్టెకు కొట్టుకున్నాడు. బీరువా మొత్తం వాకిట్లో గోడకు ఆనించిన చెక్కలయింది. ఒక బస్సు మీద పట్టేంత.

ఎవరికీ, ఎప్పుడూ ఆయన అట్లా చేయలేదు. ఎక్కడికి తీసుకెళ్లాలనుకుంటే అక్కడికి తీసుకెళ్లమని చేశాడు. నోటితో చెప్పలేదు. చూస్తే తెలుస్తుందనుకున్నాడు. వెనక చూశావా అని అడిగాడు, చూశానన్నాను. చూసి కూడా నర్సి కోసమే మిషను కొన్నాననుకుని "నీ ఇష్టం" అన్నాడు. నర్సికి తెలిసే ఉండాలి. అతనూ వడ్రంగే. అన్నేండ్లు ఆ ఇంట్లోనే ఉన్నాడు. నాకూ తెలుసనుకున్నాడేమో. తలుపు తెరిచి ఉందని తెలిసీ నేను ఆగానని, అందుకే ఏటా నీ మిషను అన్నాడేమో. లేక నాకు తెలియదని తెలిసే చెప్పలేదేమో. అడగడానికి ఇద్దరూ లేరు. ఇన్నాళ్లూ నన్ను ఒక గోడ ఆపిందని అనుకుని, ఆ గోడ మీద కొంత కోపంతో, కొంత ధైర్యంతో బతికాను. అక్కడ గోడ లేదు. వాకిట్లో ఆ చెక్కల ముందు నిలబడ్డప్పుడు నాకు ఊపిరాడినట్టు అనిపించలేదు. అర్రలో ఉన్నప్పటికంటే ఇరుకుగా అనిపించింది.

"తీసుకపోతవా అత్తా?" అని మహేశ్ అడిగాడు. తీసుకెళ్తానన్నాను. ట్రాలీ ఆటోలో తాడ్వాయి మీదుగా కామారెడ్డికి తెచ్చాను. మా ఇంట్లో దాన్ని మళ్లీ నిలబెట్టాలని ఇద్దరు ముగ్గురిని పిలిపించాను. ఏ చీల ఏ బెజ్జానిదో వాళ్లకు తెలియలేదు. స్క్రూలు కొడతామన్నారు, వద్దన్నాను. పలకలు మంచం వెనక గోడకు ఆనించి ఉన్నాయి. చీలలు ఒక డబ్బాలో ఉన్నాయి. తాళంచెవి ఎప్పటినుంచో నా దగ్గరే ఉంది.

కరెంటు వచ్చిన రోజు మిషనును లలిత చెప్పాకే ఆపారు. దాన్ని మహేశ్ అమ్మేశాడు. ఎల్లారెడ్డిలో ఇప్పుడు అన్నీ రెడీమేడ్‌గా వస్తాయి. బీరువా నిలబడాల్సిన అర్రలో కూర్చుని దాన్ని ఇప్పుడు ఎవరూ చేయరు.